పలుగుగుట్ట మీద మూడో విజిల్

శనివారం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు జనార్ధన్ మేడ్చల్ చెక్‌పోస్టు దగ్గర కారు ఆపి టైర్లలో గాలి చూపించుకున్నాడు. గాలి కొట్టే మనిషి నాలుగో టైరు దగ్గర గొంతుక్కూర్చుని, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏడికి పటేలా, గింత తయారైన్రు?"

"పలుగుగుట్టకు."

ఆ మనిషి చెయ్యి ఆగింది. టైరులోంచి కొంత గాలి బుస్సుమని పోయింది.

"రాత్రి గక్కడ్నే పంటరా?"

జనార్ధన్ వెనక్కి తిరిగి చూశాడు. వెనక సీట్లో గుట్ట కొనడానికి వచ్చినవాళ్ళు కూర్చుని ఉన్నారు. అద్దాలు మూసి ఉన్నాయో లేదో చూసుకున్నాడు. మూసే ఉన్నాయి.

ఆ గుట్టకు అంత చెడ్డపేరు మరి. శామీర్‌పేట దాటి పద్దెనిమిది కిలోమీటర్లు పోతే కనిపిస్తుంది. గాజు తయారీకి పనికొచ్చే తెల్ల పలుగురాయి కోసం నిజాం కాలంలో ఓ కంపెనీ దాన్ని తవ్వింది. గుట్ట మీదే చిన్న ఊరు కట్టింది. కంపెనీ మూతపడి నలభై ఏళ్ళయింది. మేనేజరు బంగళా, రెండు వరసల కూలీ క్వార్టర్లు, హాజరు తీసుకునే రేకుల కొట్టం, తుప్పు పట్టిన ట్రాలీ పట్టాలు మిగిలాయి. మనుషులు మిగల్లేదు.

చీకటి పడితే అక్కడ విజిల్ వినిపిస్తుందంటారు. మొదటి విజిల్ వినబడితే పారిపోవచ్చు. రెండోది వినబడితే కాళ్ళు కదలవు. మూడోది విన్నవాడు… మూడోది విన్నవాడు తిరిగొచ్చి చెప్పింది లేదు.

తిరిగి రానివాడు మూడో విజిల్ సంగతి ఎట్లా చెప్పాడని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

ఆ దెయ్యాన్ని పుట్టించింది జనార్ధనే.

ఆరేళ్ళ కిందటి మాట. అప్పటికే జనార్ధన్ భూములు కొని, ప్లాట్లు చేసి అమ్మే పనిలో ఉన్నాడు. గుట్ట మీద ఏడెకరాల పట్టా నాలుగు కుటుంబాల పేర్ల మీద ఉండేది. వాళ్ళు రోడ్డు పక్క భూమికి చెప్పే ధర గుట్టకూ చెప్పారు. జనార్ధన్ బేరం ఆడలేదు. శామీర్‌పేటలో ఓ టీ కొట్టు దగ్గర నిలబడి, ఇద్దరికి మాత్రమే వినబడేలా గొంతు తగ్గించి అన్నాడు – "మొన్న రాత్రి గుట్ట దిక్కుకెళ్ళి వస్తాంటె విజిల్ ఇనబడ్డది… మూడుసార్లు." అంతే. టీ తాగి వెళ్ళిపోయాడు.

విజిల్ సంగతి అతను ఊహించింది కాదు. ఆ కంపెనీలో పడుచుతనంలో పనిచేసిన కుర్మయ్య ఒకప్పుడు చెప్పిందే. రాయికి మందు పెట్టి పేల్చేముందు మేస్త్రి మూడు విజిళ్ళు వేసేవాడు. మొదటిదానికి పలుగు పార అక్కడే పడేసి గుంత దాటి పోవాలి. రెండోదానికి ఎవరి పేరు వాళ్ళు చెప్పి 'హాజర్' అనాలి. మేస్త్రి లెక్క చూసుకుంటాడు. లెక్క సరిపోతేనే మూడోది. మూడోది పడ్డాక నేలకు కరుచుకుని పడుకోవాలి.

జనార్ధన్ వదిలిన మూడు విజిళ్ళు నెల తిరక్కుండా ఊళ్ళు తిరిగొచ్చాయి. దుండిగల్‌లో అడిగితే ఊదేది తల లేని మేస్త్రి అన్నారు. జీడిమెట్లలో అడిగితే మేస్త్రి భార్య అన్నారు. ఓ పత్రిక జిల్లా పేజీలో వార్త కూడా వచ్చింది. అందులో వేసిన ఫోటో వేరే గుట్టది. ఈ రెండేళ్ళలో, మూడో విజిల్ తర్వాత గుట్ట దద్దరిల్లుతుందని కూడా కలిసింది. అది జనార్ధన్ చెప్పలేదు. ఎవరు కలిపారో గాని బాగా కలిపారని అనుకున్నాడు.

నాలుగు కుటుంబాలు దిగొచ్చాయి. జనార్ధన్ మేడ్చల్ రోడ్డు పక్కన తాత ఇచ్చిన చెలక భూమి అమ్మి గుట్ట కొన్నాడు.

అక్కడ్నుంచి కష్టాలు మొదలయ్యాయి. పుట్టించినంత సులువుగా దెయ్యం పోలేదు. గుట్ట మీద ఆంజనేయుడి జెండా పాతించాడు. రెండు మేకలు కోయించి దావత్ ఇచ్చాడు. వచ్చినవాళ్ళు బొక్కలు కూడా మిగల్చకుండా తిని, పొద్దు గూకక ముందే దిగిపోయారు. ఆరేళ్ళలో కొనడానికి మూడు పార్టీలు వచ్చి, టీ కొట్టు దాకా వెళ్ళి, వెనక్కి పోయాయి.

"బంగారమసొంటి చెలక అమ్మి దయ్యాల గుట్ట కొన్నవారా?" అని తల్లి పద్మమ్మ అతనితో సరిగ్గా మాట్లాడటం మానేసింది. అమ్మేసిన చెలక పక్కన ఇంకా రెండెకరాలు అమ్మకానికి ఉంది. గుట్ట పోతే ఆ రెండెకరాలు నీ పేరు మీద రాయిస్తానని జనార్ధన్ ఆమె మంచం పక్కన కూర్చుని మాటిచ్చాడు. అప్పట్నుంచి ఆమె రోజూ ఒకటే ప్రశ్న అడుగుతోంది.

"పోయిందా?"

ఈసారి పోయేలాగే ఉంది. వెనక సీట్లో ఉన్న ప్రణయ్, ఇషిత కొంపల్లిలో ఉంటారు. మొగుడూ పెళ్ళాం కలిసి ఓ టూర్ల కంపెనీ నడుపుతున్నారు. జనాన్ని కార్లలో పాత ఊళ్ళకు తీసుకుపోయి, ఓ రాత్రి పడుకోబెట్టి తీసుకురావడం వాళ్ళ వ్యాపారం. పాత గని ఊరు అనగానే వాళ్ళే ఫోన్ చేశారు. ఇవాళ రాత్రి బంగళాలో ఉండి చూస్తారు. నచ్చితే వారంలో అగ్రిమెంటు.

శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర ఫోటోలు దిగారు. అవుటర్ రింగు రోడ్డు కింద నుంచి దాటాక, ప్లాట్ల హద్దు జెండాలు తగ్గి, బండలు, సీతాఫలం పొదలు మొదలయ్యాయి. ఎండ పచ్చబడింది. గుట్ట ఎక్కే దారికి మూడు మలుపులు ఉన్నాయి.

"ఘాట్ రోడ్డు మేడం," అన్నాడు జనార్ధన్.

"ఘాట్ అయిపోయిందా అంకుల్?" అంది ఇషిత మూడో మలుపు దాటాక.

జనార్ధన్‌కు యాభై ఒకటి. జుట్టుకు రంగు వేస్తాడు. అంకుల్ అన్నందుకు మనసులో గజానికి ఇరవై రూపాయలు ధర పెంచాడు.

"టీ కొట్ల కాడ ఏమేమో చెప్తరు మేడం. నమ్మొద్దు. దయ్యం లేదు, గియ్యం లేదు. నేను ఎన్నోసార్లు పండుకున్న. పక్కా గ్యారంటీ."

అతను గుట్ట మీద ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. అద్దంలోంచి వెనక్కి చూశాడు. ఇద్దరి ముఖాలూ వాడిపోయాయి. ఎందుకో అర్థం కాలేదు.

అది రాత్రి ఏడున్నరకు అర్థమైంది. బంగళా వరండాలో చార్జింగ్ లైటు పెట్టుకుని, కుర్మయ్య పెళ్ళాం సాలమ్మ కింద ఊళ్ళోంచి వండి పంపిన కోడికూర తింటున్నారు. ఇషిత ప్లేటు పక్కన పెట్టింది.

"అంకుల్, ఒక మాట. దెయ్యం లేకపోతే మాకు ఈ గుట్టతో పనేముంది? ఉత్త గుట్టలు వికారాబాద్ దాకా ఉన్నాయి."

"అంటే…?"

"మా కస్టమర్లు భయపడటానికి వస్తారు," అన్నాడు ప్రణయ్. "పేపర్లో విజిల్ సంగతి చదివే మీకు ఫోన్ చేసినం అంకుల్. మీరేమో కారెక్కినప్పట్నుంచి లేదు లేదు అంటున్నరు."

జనార్ధన్ నోట్లో ముద్ద అట్లాగే ఉంది. ఆరేళ్ళు… రెండు మేకలు… ఒక జెండా. మంచినీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, టీ కొట్టు దగ్గర తగ్గించినట్టే తగ్గించాడు.

"ఆడపిల్ల భయపడ్తదని చెప్పలే మేడం. ఉన్నది."

ఇషిత కళ్ళు మెరిశాయి.

చేతులు కడుక్కునే వంకతో జనార్ధన్ బంగళా వెనక్కి వెళ్ళాడు. కుర్మయ్య మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటాయి. గుట్టకు కావలి అతనే. రోజూ ఆరింటికల్లా దిగిపోతాడు. ఇవాళ జనార్ధన్ బలవంతాన ఉంచాడు.

"కుర్మయ్యా, నీ కావలి విజిల్ ఉన్నదా?"

"మెడల్నే ఉన్నది పటేలా."

"పదకొండింటికి హాజరు కొట్టం ఎనక్కి పోయి మూడుసార్లు ఊదు. నడుమ కొంచెం ఆగుకుంట ఊదు."

"నేనా? ఆయనకు కోపం రాదా?"

"ఎవరికి?"

"గదే… ఊదేటాయనకు."

"అరే, గాయన లేడయ్యా. గా ముచ్చట పుట్టిచ్చిందే నేను."

కుర్మయ్య మెడలోని విజిల్‌ను చేత్తో పట్టుకున్నాడు.

"మీరు పుట్టిచ్చిన్రు, సరే. పుట్టినంక ఉంటడు గద పటేలా."

జనార్ధన్‌కు ఆ మాట నచ్చలేదు. "చెప్పింది చెయ్," అని లోపలికి వచ్చాడు. వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టు అనిపించింది. తిరిగి చూస్తే కుర్మయ్యే.

పది దాటింది. గాలి ఆగిపోయింది. వెన్నెల్లో క్వార్టర్ల వరసలు, వాటి వెనక గుట్ట తెల్లటి వీపు… ఆ వీపు అవతల ఏముందో బంగళాకు కనబడదు. జనార్ధన్ కూడా ఆ పక్కకు ఎప్పుడూ పోలేదు. కొనేవాళ్ళకు చూపించాల్సిందంతా ఈ పక్కనే ఉంది.

ప్రణయ్ ఫోన్ రికార్డింగులో పెట్టాడు. ఇషిత గుసగుసగా అంది.

"ఎన్ని గంటలకు వస్తాడు అంకుల్?"

"చెప్పలేం మేడం. పదకొండు… గా టైముల."

పది గంటల యాభై రెండు నిమిషాలకు వినబడింది.

సన్నగా… పొడుగ్గా… ఆగకుండా ఒకటే విజిల్. చీకట్లోంచి వచ్చి వరండా మీదుగా పోయినట్టు.

ఇషిత ప్రణయ్ మోచెయ్యి పట్టుకుంది. జనార్ధన్ గర్వంగా గడియారం చూసుకున్నాడు. ముసలాయన ఎనిమిది నిమిషాలు తొందరపడ్డాడు గాని, ఊదడం మాత్రం అదరగొట్టాడు. మెచ్చుకుందామని బంగళా వెనక్కి నడిచాడు.

మెట్టు మీద అగ్గిపుల్ల వెలిగింది.

ఆ వెలుగులో కుర్మయ్య ముఖం. నోట్లో బీడీ.

"పోతున్న పటేలా… గీ బీడీ తాగి పోతున్న. ఇంక టైం కాలే గద?"

జనార్ధన్ మళ్ళీ గడియారం చూసుకున్నాడు.

"నువ్వు… ఊదలే?"

"ఇంక లేవనే లేవలే."

అగ్గిపుల్ల కుర్మయ్య వేళ్ళ దాకా కాలి ఆరిపోయింది. అతను చెయ్యి విదల్చలేదు.

రెండో విజిల్ పడింది.

ఈసారి దిక్కు తెలిసింది. గుట్ట వీపు అవతల నుంచి. విజిల్ ఆగింది. తర్వాత…

గొంతులు.

మగ గొంతులు. ఒకటి తర్వాత ఒకటి. దూరంగా, నీరసంగా, బావిలోంచి వచ్చినట్టు.

"బుధ్‌రామ్… హాజర్."

"సుఖ్‌లాల్… హాజర్."

"మన్నూ… హాజర్."

జనార్ధన్ ఈ హాజరు సంగతి టీ కొట్టు దగ్గర చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. కుర్మయ్య చెప్పినప్పుడు విని, కథ పొడుగవుతుందని వదిలేసిన ముక్క అది. తను వదిలేసిన ముక్కను ఎవరో అవతల పూర్తి చేస్తున్నారు…

అయిదు… ఆరు… ఏడు. ఏడో గొంతు ఆగింది. ఎనిమిదో పేరు జనార్ధన్ చెవి పక్కనే వినబడింది.

"కుర్మయ్య… హాజర్."

ముసలాయన పెదవులు వాటంతట అవే కదిలాయి. చెయ్యి పైకి లేచింది. నలభై ఏళ్ళ కింద లేచినట్టే.

"ఏం చేస్తున్నవ్‌రా!"

"లెక్క సరిపోయింది," అన్నాడు కుర్మయ్య. గొంతు మారిపోయింది. "ఇగ మూడోదే. పండుండ్రి పటేలా. నేల మీద పండుండ్రి, జల్ది!"

పటేలు పడుకోలేదు. పరిగెత్తాడు.

మూడో విజిల్ అతను వరండా దాటుతుండగా పడింది. అయిదు అడుగులు వేశాడో లేదో గుట్ట కింద నుంచి ఎవరో గుద్దినట్టు నేల ఎగిరింది. ఢాం అన్న చప్పుడు క్వార్టర్ల గోడలకు కొట్టుకుని మళ్ళీ వచ్చింది. రేకుల కొట్టం మీద రాళ్ళ వాన కురిసింది. పిడికెడంత తెల్లరాయి ఒకటి కారు వెనకద్దాన్ని పగలగొట్టుకుని సీట్లో కూర్చుంది.

బంగళా నుంచి కారు దాకా అరవై అడుగులు. ఒక చెప్పు దారిలో పోయింది. జనార్ధన్ లోపలికి దూరి, నాలుగు తలుపులకూ తాళాలు వేసుకుని, స్టీరింగు మీద తల పెట్టాడు.

తలుపు చప్పుడైంది. తెల్లటి అరచెయ్యి అద్దం మీద పడింది. మళ్ళీ… మళ్ళీ… జనార్ధన్ కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం అందుకున్నాడు. సగంలో మరిచిపోయి, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాడు.

"అంకుల్! తలుపు తీయండి! మేమే!"

తీయడానికి ఇంకో పావు నిమిషం పట్టింది.

శామీర్‌పేట లైట్లు కనబడేదాకా జనార్ధన్ స్పీడు తగ్గించలేదు. పగిలిన అద్దంలోంచి గాలి ఈలవేస్తుంటే ముగ్గురూ ఉలిక్కిపడుతున్నారు. చివరికి ఇషిత ఊపిరి పీల్చుకుంది.

"అంకుల్… ఎంతమందిని పెట్టారు?"

"ఏంది మేడం?"

"ఆ పేర్లు పిలవడం… ఆ పేలుడు… అబ్బ! మీరు కారులోకి దూరి తాళం వేసుకోవడం అయితే… ఏం యాక్టింగ్ అంకుల్! మా వాళ్ళెవరూ ఇట్లా చెయ్యలేరు."

"రాళ్ళు మాత్రం జర తగ్గించాలె," అన్నాడు ప్రణయ్. "మనుషుల మీద పడతయ్. మిగతాదంతా సూపర్. మాకు ఓకే అంకుల్. అగ్రిమెంటు రాసుకుందాం."

జనార్ధన్ అద్దంలోంచి ఇద్దరి ముఖాలూ చూశాడు.

"మన పిల్లలే మేడం. పది రోజుల్నుంచి ప్రాక్టీసు. రాళ్ళ సంగతి నేను చెప్త వాళ్ళకు."

కొంపల్లిలో వాళ్ళను దింపి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. కుర్మయ్య గుట్ట మీదే ఉండిపోయాడు.

బాగా తెల్లారాక, ఎండ ఎక్కాక, వెళ్ళాడు. ముసలాయన హాజరు కొట్టం ముందు కూర్చుని టీ తాగుతున్నాడు. సాలమ్మ పక్కనే నిలబడి ఉంది. ఆమె ముందే అందుకుంది.

"ముసలోన్ని ఇడిసిపెట్టి ఉరికిన్రంట గద పటేలా?"

"మనిషిని పిలుచుకరానికి పోయిన సాలమ్మా. కుర్మయ్యా… ఏం కాలే గద? మూడోది ఇన్నవ్ గద?"

"ఏం కాలే. మీరు గూడ ఇన్నరు గద." కుర్మయ్య టీ ఊదుకున్నాడు. "పండుకున్న. మందు పేలినంక లేచిన. తెల్లారగట్ల దాక ఎనకమొకాన మోటర్లు నడిచినయ్. డీజిల్ వాసన. పటేలా, దయ్యాలు డీజిల్ పోసుకుంటయా?"

జనార్ధన్ గుట్ట వీపు వైపు చూశాడు. ఎక్కితే పది నిమిషాలు. అవతల ఏముందో తెలిసిపోతుంది. తెలిస్తే దెయ్యం పోతుంది. దెయ్యం పోతే బేరం పోతుంది.

"నువ్వు ఎన్నడన్న పోయి చూసినవా?"

"నా మోకాళ్ళకు గంత ఎక్కుడు కాదు. పొద్దుందాక ముందటి దిక్కే కావలి కాస్త. పొద్దు గూకినంక ఉండొద్దని మీరే చెప్తిరి."

"మంచిపని చేసినవ్. ఇగ ముందట గూడ అట్లనే ఉండు. డీజిల్ ముచ్చట ఎవరికీ చెప్పకు."

ఆదివారం, సోమవారం, మంగళవారం, బుధవారం – నాలుగు రాత్రులు గుట్ట దద్దరిల్లిందని కింద ఊరివాళ్ళు చెప్పుకున్నారు. జనార్ధన్ విని సంతోషించాడు.

గురువారం పొద్దున ప్రణయ్, ఇషితలతో పాటు వాళ్ళ లాయరు పంపిన సర్వేయరు వచ్చాడు. అగ్రిమెంటుకు ముందు కొలవడం వాళ్ళ కంపెనీ పద్ధతి. అతను మూడు కాళ్ళ స్టాండు భుజాన వేసుకుని గుట్ట వీపు ఎక్కి, అవతలికి దిగి, గంటన్నర తర్వాత వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తెల్లటి దుమ్ము.

"ఏడెకరాలన్నరు సార్."

"ఏడెకరాలే. పాస్‌బుక్ల చూడు."

"పాస్‌బుక్ల ఉన్నది. నాలుగెకరాల ముప్పై గుంటలు నేల మీద లేదు. ఏడ పెట్టిన్రు?"

అందరూ ఎక్కి చూశారు. గుట్టకు ముందువైపు మాత్రమే మిగిలింది. వెనకవైపు, రాయి తవ్వే రెండు ప్రొక్లెయినర్లు, టిప్పర్లు తిరిగే దారి, అరవై రెండు అడుగుల లోతు గుంత. రెండేళ్ళుగా తవ్వుతున్నారని తర్వాత తేలింది. దొంగరాయి తవ్వినా మందు దగ్గర పద్ధతి తప్పలేదు. మూడు విజిళ్ళు వేసి, పేర్లు పిలిచి, లెక్క చూసుకునే పేల్చేవాళ్ళు. ప్రాణాలతో పని కదా. ఇక పట్టుబడతామన్న భయమంటారా, రాత్రిపూట ఆ చుట్టుపక్కలకు మనిషన్నవాడు రాడని వాళ్ళకు టీ కొట్టు దగ్గరే తెలిసింది.

ఇషిత గుంత అంచున నిలబడి చాలాసేపు చూసింది.

"అంకుల్, దెయ్యం నిజందైనా పరవాలేదు, డమ్మీదైనా పరవాలేదు. నేల మాత్రం నిజంగా ఉండాలి కదా."

ఆ సాయంత్రం జనార్ధన్ ఇంట్లోకి వస్తుంటే పద్మమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"పోయిందా?"

"పోయిందే అమ్మా," అన్నాడు జనార్ధన్.

ఆమె ఆరేళ్ళ తర్వాత మొదటిసారి నవ్వింది. రెండెకరాల చెలక ఇక రాదని ఆ రాత్రి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

తొమ్మిది రోజుల తర్వాత పోలీసులు ఓ టిప్పర్ డ్రైవరును పట్టుకుని, రాయి ఎక్కడెక్కడ దింపాడో రాయించారు. ఎక్కువ లోడ్లు రాష్ట్రం దాటాయి. పదకొండు లోడ్లు మాత్రం దగ్గర్లోనే, గండిమైసమ్మ చౌరస్తా అవతల వేస్తున్న ఓ కొత్త ప్లాట్ల వెంచర్‌లో దిగాయి. గేటు నుంచి ఆఫీసు దాకా దారికి రెండు పక్కలా పరవడానికి. వెంచర్ జనార్ధన్‌ది. రాయి మస్తు తెల్లగా ఉంది, ఇంకో రెండు లోడ్లు జల్ది పంపమని, అది ఏ గుట్టదో అడగకుండా, డ్రైవరుకు ఫోన్ చేసింది కూడా అతనే. ఆ ఫోన్ చేసిన తేదీ, గుట్ట మీద విజిళ్ళు విన్న శనివారానికి ముందటి శుక్రవారం.